మార్కుల గడిలో మిర్చి

భూపాలపల్లిలో మా ఆఫీసు కిటికీ రోడ్డు వైపు ఉంటుంది. చలి వెనక్కి తగ్గి ఎండ ముదరడం మొదలైతే చాలు, ఆ కిటికీ మూసేయాలంటుంది నా పక్క సీటులో కూర్చునే రజిత. మిర్చి బస్తాలు వేసుకున్న ట్రాలీ ఆటోలు వరుసగా పోతుంటాయి. ఒక్కో ఆటో వెళ్లినప్పుడల్లా ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతారు. నేను మాత్రం కిటికీ తెరిచే ఉంచుతాను. ఈ విషయంలో రజితకూ నాకూ రోజూ చిన్న తగువు ఉంటుంది, చివరికి నా మాటే నెగ్గుతుంది, ఎందుకంటే కిటికీ నా వైపు ఉంది. ఈ ఉదయం కూడా ఆ తగువు అయ్యాకే పనిలో పడ్డాం. మేము ఆడపిల్లల హాస్టళ్ల వివరాలు చూస్తాం. నెలనెలా ఒక్కో హాస్టల్ నుంచి పిల్లల బరువు, రక్తపరీక్ష వివరాలతో ఒక షీటు వస్తుంది. ఏ పిల్లను డాక్టరు చూడాలో, ఏ పిల్లకు ఫర్వాలేదో చివరి వరుసలో తనంతట తానే పడేలా సూత్రం రాసింది నేను.

"అక్కా, గీ పిల్లకు 'కనుక్కోవాలి' అని వచ్చిందేంది? డాక్టర్ చూడాలె అని గాదు, ఫర్వాలేదు అని గాదు," అంది ఈ షీట్ల పనికి కొత్తగా వచ్చిన రజిత. ఆమె కంప్యూటర్ వైపు వంగి చూశాను. రక్తపరీక్ష అంకె ఉండాల్సిన గడిలో హాస్టల్ వాళ్లు "ఊరికి పోయింది" అని రాశారు. అప్పుడే కింద ఒక ట్రాలీ వెళ్లింది, ఘాటు నేరుగా ముక్కుకు తగిలింది. గట్టిగా తుమ్మాను. ఆ తుమ్ముతో పాటే ఎస్తేర్ మేడం కూడా గుర్తుకు వచ్చేశారు. ఆమె మాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన టీచరు. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది నెల్లికుదురు వైపు ఒక తండా. హైస్కూలు పక్క ఊళ్లో ఉండేది. మేడం ఇల్లు జనగామలో. తెల్లవారుతూనే రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని, బడిగంట కంటే ముందే గేటు దగ్గర నిలబడేవారు. రైలు ఆలస్యమైన రోజు ఆమె నడక చూసే మాకు తెలిసిపోయేది, ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు తెరిచేవాళ్లం. పొట్టి మనిషి. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. నీళ్లసీసా, టిఫిన్ డబ్బా, లాప్‌టాప్ అన్నీ ఒకే కూరగాయల సంచిలో వేసుకొచ్చేవారు. లాప్‌టాప్‌ను పాత తువ్వాలులో చుట్టేవారు. అట్లా ఎందుకు మేడం అని అడిగితే, "తువ్వాలను ఎవడన్న ఎత్తుకపోతడా?" అనేవారు. ఆమె మంచితనం గురించి చెప్పేముందు ఇదీ చెప్పాలి. ఆమె దగ్గర చదువుకోవడం సుఖంగా ఉండేది కాదు. తప్పు చెప్తే చాక్‌పీసు విసిరేవారు, గురి బాగా కుదిరేది.

తొమ్మిదో తరగతిలో మాకు స్ప్రెడ్‌షీటులో షరతు రాయడం ఆమే నేర్పారు. బడిలో కంప్యూటర్లు ఉండేవి, వాటిలో పని చేసేవి తక్కువ. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టారు. కీబోర్డు ముట్టుకునే ముందు రాయబోయే సూత్రాన్ని నోటితో చెప్పాలి, అది ఆమెకు నచ్చితేనే కుర్చీలో కూర్చోనిచ్చేవారు. "గడిల ఏం రాసినా కంప్యూటర్ చదువుతది, ఆలోచించది. ఆలోచన మనం ముందుగాలనే చేసి పెట్టాలె. ఇఫ్ అంటే మూడు ముక్కలు. ఏమైతే? అప్పుడేంది? లేకుంటే ఏంది?" అని బోర్డు మీద మూడు గీతలు గీశారు. ఎవరైనా మొదటి రెండు ముక్కలు చెప్పి ఆగిపోతే ఒప్పుకునేవారు కాదు. మూడోది చెప్పేదాకా నిలబెట్టేవారు. తర్వాత తర్వాత మూడో ముక్కనే ముందు చెప్పించేవారు. అయ్యే పని గురించి అందరికీ తెలుసు, కాకపోతే ఏం చేయాలో తెలిసినవాడే సూత్రం రాయాలని ఆమె పట్టుదల.

ఆ మొదటి రోజు ఇప్పటికీ గుర్తుంది. "వాన పడితే?" అని అడిగారు. "పత్తి ఏరం మేడం," అన్నాం అందరం. పత్తి ఏరని ఇల్లు మా తరగతిలో లేదు. "లేకుంటే?" "ఏరుతం మేడం." "రాత్రి వాన పడి, పొద్దుగాలకు ఆగింది. మరి?" వెనక బెంచీ నుంచి ఎవరో "ఎండేదాక ఆగుతం," అన్నారు. మేడం ఆ బెంచీ వైపు వేలు చూపించి, "గది ముందుగాల ఎందుకు చెప్పలే? ఇప్పటిదాక మీరు చెప్పిన సూత్రం ప్రకారం కంప్యూటర్ తడి పత్తి అంతా బస్తాలకు ఎత్తిపెట్టె!" అన్నారు. తరగతంతా నవ్వింది, ఆమె తప్ప. తడి పత్తి నష్టం ఏమిటో ఆమెకూ తెలుసు. ఆమె తల్లిదండ్రులు కూడా పొలం పనులు చేసినవాళ్లే.

ఆ రోజే నన్ను లేపి మరో షరతు చెప్పమన్నారు. నాకు తెలుగు అప్పటికి వచ్చు, కానీ అందరి ముందు నిలబడితే మాట తడబడేది. మా ఇంట్లో మేము లంబాడీ మాట్లాడతాం, అమ్మను యాడి అంటాం. "ఇంట్ల ఎట్ల మాట్లాడుతవో అట్లనే చెప్పు," అన్నారు. చెప్పాను. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. మేడం వాళ్లను నిలబెట్టారు. "నేను టీచర్ ట్రైనింగ్‌ల ఉన్నప్పుడు 'గిట్ల' అన్ననని కోస్తా దిక్కు పిల్లలు నవ్విన్రు. మాట చూసి నాకు లెక్కలు రావనుకున్నరు. ఫస్టొచ్చింది ఎవరో తర్వాత తెలిసింది వాళ్లకు," అని నా వైపు తిరిగి, "లేకుంటే అనే మాటను మీ భాషల ఏమంటరు?" అని అడిగారు. చెప్పాను. బోర్డు మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని రెండుసార్లు పలికారు. రెండుసార్లూ తప్పే పలికారు. ఆ తర్వాత ఎన్నేళ్లయినా నన్ను చూస్తే ఆ మాటతోనే పలకరించేవారు, ఎన్నేళ్లయినా సరిగా పలకలేకపోయారు. మా భాషకు ఒక బోర్డు మీద చోటు దొరకడం నేను చూసింది అప్పుడే. ఆ సాయంత్రం తండాకు నడిచి వెళ్తుంటే ఎందుకో నా అడుగులు చాలా వేగంగా పడ్డాయి.

పదో తరగతిలో ఆమె మా కోసం ఒక షీటు తయారుచేశారు. ప్రతి పరీక్ష మార్కులూ అందులో ఎక్కేవి. మార్కులు పాసు గీత కంటే తక్కువైతే పేరు పక్కన "స్పెషల్ క్లాసు" అని పడేది. లేకుంటే "అవసరం లేదు" అని పడేది. స్పెషల్ క్లాసు వచ్చినవాళ్లు బడి అయ్యాక ఉండిపోయేవారు, మేడం వాళ్లతో కూర్చుని, సాయంత్రం రైలు తప్పినా లెక్కచేయకుండా చెప్పేవారు. ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించేవారు. స్పెషల్ క్లాసు పడితే సిగ్గుపడేవాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే అక్కడ ఉడకబెట్టిన పల్లికాయ దొరికేది. బాగా చదివేవాళ్లే మాకెందుకు లేదని గొణిగేవారు.

ఆ ఏడాది చలికాలం చివర మా ఇంట్లో అందరం మిర్చి ఏరడానికి భూపాలపల్లి వైపు పోయాం. తండా నుంచి చాలా ఇళ్లు అట్లాగే పోతాయి. ఒక మేస్త్రీ ముఠాను కూడగట్టి వ్యాన్‌లో తీసుకెళ్తాడు, చేను గట్టునే పరదాలు కట్టుకుని ఏరుడు అయిపోయేదాకా అక్కడే ఉంటాం. నన్ను వదిలి వెళ్లడానికి ఇంట్లో ఎవరూ లేరు. పది రాసే పిల్లనని యాడికి తెలుసు. పది అంటే ఏమిటో మాత్రం ఆమెకు తెలియదు. పుస్తకాలు తెచ్చుకున్నాను. పగలంతా ఏరి, చేతులు మండుతుంటే, పుస్తకం పట్టుకోవాలని అనిపించేది కాదు. ఆ సమయంలోనే బడిలో ఒక పరీక్ష జరిగింది. మార్కులు ఎక్కించి, కాగితం అంటించే పని సాంఘికశాస్త్రం యాదగిరి సారుది. రాని పిల్లలు ఎక్కడికి పోయారో తర్వాత తెలియాలని, మా మార్కుల గడిలో ఆయన "మిర్చి" అని రాశారు. ఆయన చేసింది మంచి పనే. మా దగ్గర ఆ ఒక్క మాట రాస్తే చాలు, ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడు వస్తారు అన్నీ అర్థమవుతాయి.

శివరాత్రికి కురవి జాతరకని అందరం తిరిగి వచ్చాం. జాతర మర్నాడు నేను బడికి పోయాను. నోటీసు బోర్డు మీద కొత్త కాగితం ఉంది. నా పేరు వెతుక్కున్నాను. మార్కుల చోట "మిర్చి" అని ఉంది. దాని పక్కన "అవసరం లేదు" అని ఉంది. పరీక్షే రాయని నాకు స్పెషల్ క్లాసు అవసరం లేదట! నా కింద ఇంకొందరు మిర్చివాళ్ల పేర్లు ఉన్నాయి, వాళ్లకూ అవసరం లేదు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మార్కులు బాగా వచ్చినవాళ్లకు అవసరం లేదు, సరే. మాకెందుకు అవసరం లేదు? ఒక్కటే కారణం తోచింది. ఎట్లాగూ ఫెయిలయ్యే పిల్లల మీద కష్టం దండగ అనుకున్నారు. ఎస్తేర్ మేడం కూడా అట్లాగే అనుకున్నారు. అదే నన్ను ఎక్కువ కోసింది. తండాకు వెనక్కి నడుస్తూ నా స్నేహితురాలు స్వప్నతో, "ఇగ నేను పరీక్ష రాయ," అని చెప్పేశాను. మర్నాడు వ్యాన్ ఎక్కి మళ్లీ చేనుకు పోయాను. ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత బడిలో ఏం జరిగిందో స్వప్న చెప్తేనే తెలిసింది. జాతర నుంచి వచ్చి బడికి రాలేదేం అని మేడం నా గురించి ఆమెను అడిగారట. "మీరే అవసరం లేదని రాసిన్రు గద మేడం," అంది స్వప్న. ఎవరు రాసిన్రు అని మేడం అరిచి, నోటీసు బోర్డు దగ్గరికి పోయి, కాగితం పీక్కుని వచ్చి, లాప్‌టాప్ తెరిచి ఆ షీటు ముందు చాలాసేపు కదలకుండా కూర్చున్నారట. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదట.

ఆదివారం ఆమె మా చేనులో ఉన్నారు. ప్రార్థనకు పోని ఆదివారం ఆమె జీవితంలో లేదని జనగామలో అందరికీ తెలుసు. ఆ రోజు పోలేదు. జనగామ నుంచి హన్మకొండ, అక్కడి నుంచి పరకాల, అక్కడి నుంచి భూపాలపల్లి వైపు, బస్సులు మారుతూ, దారిలో అడుగుతూ వచ్చారు. దూరం నుంచి గట్టు మీద కూరగాయల సంచి పట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ వస్తున్న పొట్టి మనిషిని చూసి మొదట నమ్మలేకపోయాను. తర్వాత ఎండుమిర్చి కుప్ప వెనక దాక్కున్నాను. "దాక్కున్నది కనవడుతనే ఉంది, బయటికి రా," అన్నారు. ఆ ఘాటుకు ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆమెను అట్లా చూస్తే నాకు భయం పోయి నవ్వొచ్చింది.

పరదా కింద కూర్చోబెట్టి లాప్‌టాప్ తెరిచారు. "గిది చూడు. నీ గడిల అంకె లేదు, మిర్చి అని ఉంది. నేను రాసిన సూత్రం పాసు మార్కు కంటె తక్కువనా అని అడిగింది. దీని లెక్కల ఏ అక్షరమైనా ఏ అంకె కంటెనైనా పెద్దదే. తక్కువ గాదు అని చెప్పింది. అందుకే మిర్చికి పోయినోళ్లందరు ఫస్టు మార్కులోళ్ల పక్కన పడ్డరు," అన్నారు. నేను తల దించుకునే ఉన్నాను. ఆమె గొంతు తగ్గింది. ఆ గొంతు తగ్గడం నేను అదివరకు వినలేదు. "నీకు అవసరం లేదని ఎవ్వరు అనలే బిడ్డా. రాసింది కంప్యూటర్, రాయించింది నేను. అంకె లేకుంటే ఏంది అని నేను అడగాల్సి ఉండె, అడగలే. తప్పు నాది. గది చెప్పనీకే వచ్చిన." నాకు ఏడుపొచ్చింది. మిర్చి ఘాటు అనుకుంటారులే అని ధైర్యంగానే ఏడ్చాను.

యాడి మాత్రం ఏడుపులకు కరిగే మనిషి కాదు. "పిల్ల పోతే దాని సాలు ఎవరు ఏరాలె మేడం? అందరి సాళ్లు ముందుకు పోతయి, మాది ఎన్కవడ్తది," అంది. మేడం చీర కుచ్చెళ్లు దోపుకుని, నేను వదిలిన చోటి నుంచి ఏరడం మొదలుపెట్టారు. ఆమె చేతులకు మిర్చి అలవాటు లేదు. "తొడిమెలు ఊడగొట్టకుండ్రి మేడం, పాడైతయి!" అని యాడి గదమాయించింది. ఒక హైస్కూలు లెక్కల టీచరును మా యాడి గదమాయిస్తుంటే చేనంతా చేతులు ఆపి చూసింది. మేడం చాక్‌పీసు విసరలేదు. "ఎట్ల తెంపాలె, చూపెట్టు," అన్నారు. అట్లా ఏరి ఏరి ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నారు, ఇక చూడాలి ఆ గంతులు! బాపు, అంటే మా నాన్న, పరుగెత్తి బిందె తెచ్చి నీళ్లు పోశాడు. సాలు పూర్తయ్యాకే గట్టు మీదికి వచ్చి కూర్చున్నారు.

అప్పుడు అడిగింది యాడి. "పిల్లను తోల్కపోతవు. పరీక్ష రాస్తది. పాస్ గాకుంటే?" మా అందరినీ నిలబెట్టి నిలబెట్టి అడిగిన ప్రశ్న ఇప్పుడు మేడం ముందు నిలబడింది. యాడి ఊరికే అడగలేదు. నడుమ వదిలేసి పోయిన పిల్లను మేస్త్రీ మళ్లీ ముఠాలో కలుపుకోడు. పాసు కాకపోతే నేను ఇటు చేనుకూ అటు బడికీ కాకుండా పోతాను. తప్పకుండా పాసవుతుందని మేడం అనొచ్చు, మిగతా టీచర్లయితే అదే అనేవాళ్లు. ఆమె అనలేదు. "గాకుంటే మల్ల రాస్తది. రాసేదాక మా ఇంట్లనే ఉంటది. పాస్ అయ్యేదాక నాది జిమ్మేదారి," అన్నారు. "మాటనా?" అంది యాడి. "మాటనే." యాడి లేచి పరదాలోకి పోయి నా బట్టలు సంచిలో కుక్కింది. అంతే, ఒప్పుకోవడం అంటే మా ఇంట్లో అట్లాగే ఉంటుంది.

సోమవారం బడిలో ప్రార్థన అయ్యాక మేడం ముందుకొచ్చి ఆ కాగితం పైకెత్తి చూపించి, అందులో తప్పుందని, ఆ తప్పు తనదని చెప్పారు. యాదగిరి సారు మొహమాటపడి, "మిర్చి అని రాసింది నేను మేడం. ఖాళీ ఇడిస్తె అయిపోవు గద," అన్నారు. "మీరు నిజమే రాసిన్రు సార్, నిజానికి తట్టుకోలేని సూత్రం నాది. ఖాళీ ఇడిస్తె ఇది సున్నా అనుకుంటది. రాని పిల్లకు సున్నా వేసుడు గూడ అబద్ధమే గద?" అన్నారు మేడం. అక్కడే సూత్రం మార్చారు. ముందు గడిలో అంకె ఉందా అని అడగాలి. ఉంటేనే పాసా కాదా అని చూడాలి. అంకె లేకుంటే "కనుక్కోవాలి" అని పడాలి. ఆ మాట పడ్డ ఒక్కో పేరునూ తలా కొన్ని పంచుకుని ఆమె, యాదగిరి సారు కనుక్కోవడానికి పోయారు. పిల్లలందరూ తిరిగి రాలేదు. కొందరి చేలు ఎక్కడున్నాయో దొరకనే లేదు. దానికి మేడం చాలా బాధపడ్డారు, రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుని మాట్లాడేవారు కాదు.

రైల్లో అని ఎందుకన్నానంటే, ఆ రోజుల్లో నేనూ ఆమెతో జనగామ నుంచే బడికి వచ్చేదాన్ని. స్టేషన్‌కు దగ్గరలో చిన్న ఇల్లు. ఇంట్లో మేడం, ఆమె ముసలి తల్లి, అంతే. ఆ తల్లిని అవ్వ అనేదాన్ని. మేడం వంట గురించి అబద్ధం చెప్పలేను. ఉప్పు మర్చిపోయేవారు, లేదా రెండుసార్లు వేసేవారు. అవ్వ నాకు రహస్యంగా వేరే పచ్చడి దాచేది. పొద్దున ప్లాట్‌ఫాం మీద నిలబడి లెక్కలు అడిగేవారు, రైల్లో సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే కడ్డీ పట్టుకుని అడిగేవారు. నేను కునికితే కీర్తన పాడేవారు. ఆమె పాటకు ఎవరైనా మేలుకోవాల్సిందే. పక్కన రోజూ జనగామ నుంచి ప్రయాణం చేసే ఉద్యోగులు, "మేడం, ఆ పిల్లకు జవాబు చెప్పుండ్రి, మేము పడుకోవాలె," అని వేళాకోళం చేసేవారు. ఎవరి ఇంట్లోనో ఉన్నానన్న బెరుకు నాకు ఒక్కరోజూ కలగలేదు. తిట్లు మా ఇంట్లో కంటే ఎక్కువే పడ్డాయి మరి.

పరీక్షలు రాశాను. ఫలితాల నాటికి తండాలో ఉన్నాను. స్వప్న వాళ్ల అన్న ఫోన్‌లో చూశాడు. అన్నిట్లో పాసయ్యాను, లెక్కల్లో తప్ప. ఎస్తేర్ మేడం సొంత సబ్జెక్టులో! భూమి తెరుచుకుంటే అందులో దిగిపోదామనిపించింది. యాడి నా ముఖం చూసి అంతా అర్థం చేసుకుంది, ఒక్క మాట తిట్టలేదు. వాకిట్లో కూర్చుని మేడం దగ్గరి నుంచి ఏమొస్తుందా అని చూస్తోంది. ఇచ్చిన మాట నిలబడుతుందా లేదా అన్నదే ఆమెకు ఆ పూట పరీక్ష. ఫోన్ మోగింది. "చూసిన. బట్టలు సర్దుకో," అన్నారు మేడం. ఇంకేమీ అనలేదు, ఏడవొద్దని కూడా అనలేదు. ఫోన్ పెట్టేశాక యాడి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి అంటించి, "తిని పో," అంది.

ఆ ఎండాకాలం సెలవులు మేడంవి కూడా నాతోనే పోయాయి. బంధువుల ఇంటికి పోవాలనుకున్న ప్రయాణం మానుకున్నారని అవ్వ చెప్పింది. నేను ఎందుకు ఫెయిలయ్యానో ఆమె మొదటిరోజే కనుక్కున్నారు. లెక్క చేయడం వచ్చు, ఎక్కడ ఆగాలో, ఆగిన చోట ఏం చేయాలో రాదు. ఒక దారి మూసుకుపోతే కాగితం ఖాళీగా వదిలేస్తున్నాను. "ఖాళీ ఇడిస్తె ఏమనుకుంటది?" అనేవారు. "సున్నా," అనేదాన్ని. "మరి?" అనేవారు. ఇంకో దారి వెతికేదాన్ని. అట్లా ఆ ఇంట్లో ఫ్యాను కింద, కరెంటు పోతే గుమ్మంలో, వెతకడం నేర్చుకున్నాను. సప్లిమెంటరీలో పాసయ్యాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ వారమే యాడి మొదటిసారి ఒంటరిగా రైలెక్కి జనగామ వచ్చింది. చేతిలో ఒక గోనెసంచి. అందులో తను ఏరి, ఎండబెట్టి, బాగుచేసి పెట్టిన మిర్చి. తొడిమె ఒక్కటీ ఊడలేదు. మేడం సంచి మూతి విప్పి ఆగకుండా తుమ్మారు. యాడి కడుపు పట్టుకుని నవ్వింది, తుమ్ముతూనే మేడం కూడా నవ్వారు. ఆ ఇద్దరూ కలిసి నవ్వడం చూసింది నేను ఆ ఒక్కసారే.

అందరూ మొదటిసారి పాసైనవాళ్ల గురించి చెప్తారు. నేను "లేకుంటే" వైపు నుంచి వచ్చినదాన్ని, ఆ సంగతి ఎవరడిగినా తల ఎత్తుకునే చెప్తాను. ఆ వైపు ఒక మనిషి ముందే నిలబడి ఉంది కాబట్టి నేను పడిపోలేదు. ఇంటర్, డిగ్రీ, తర్వాత కంప్యూటర్ కోర్సు, ఈ ఉద్యోగం అన్నీ ఆ దారిలోనే వచ్చాయి. ఒకప్పుడు పరదా కట్టుకుని బతికిన ఈ భూపాలపల్లి వైపే ఇప్పుడు నాకు ఒక కుర్చీ, ఒక కిటికీ ఉన్నాయి. ఎంత పెద్ద షీటు ఇచ్చినా నేను మూడో ముక్కే ముందు రాస్తాను. కంప్యూటర్ బాగా వచ్చినవాళ్లు కూడా నా సూత్రాలు చూసి ఇంత పొడుగెందుకంటారు. మనుషులు ఏమేం రాస్తారో వాళ్లకు తెలియదు. ఊరికి పోయింది, రాలేదు, అమ్మ పంపలేదు, మిర్చి. గడిలో అంకె పెట్టమంటే మనుషులు తమ బతుకు పెడతారు, దాన్ని పట్టుకునేంత జాగా సూత్రంలో ఉండాలి.

మేడం రిటైరయ్యాక జనగామలోనే ఉన్నారు. పోయిన వానాకాలం చనిపోయారు. ఆమెను సాగనంపే రోజు ఆకాశం మబ్బు పట్టి ఉంది. సమాధుల దగ్గర ఏర్పాట్లు చూస్తున్న పెద్దమనిషి పైకి చూసి, "వాన పడితే గీ పరదా కిందికి జరుగుదం," అన్నాడు. వెనక నిలబడ్డ మాలో ఎవరో, ఏ బ్యాచ్ వాళ్లో, మెల్లగా "లేకుంటే?" అన్నారు. మా గుంపంతా ఏడుస్తూనే నవ్వింది. ఆయన మమ్మల్ని వింతగా చూశాడు. ఆయనకు ఎట్లా చెప్పాలి?

ఇదంతా తుమ్ము ఆగేలోపే తిరిగింది నా తలలో. రజిత ఇంకా నన్నే చూస్తోంది. "కనుక్కోవాలి అంటే ఏం చేయాలె అక్కా?" అంది. హాస్టల్‌కు ఫోన్ చేశాం. ఆ పిల్లకు పోయిన నెల పరీక్షలోనే రక్తం తక్కువుందని తేలిందట, మందులు మొదలుపెట్టేలోపే అమ్మానాన్నలు మిర్చికి తీసుకెళ్లారట. చేను ఎక్కడో చెప్పారు, ఇక్కడికి దగ్గరే. వాళ్ల నాయిన నంబరు కూడా ఇచ్చారు. "ఫోన్ చేస్తే సరిపోతది గద అక్కా," అంది రజిత. "ఆయన ఫోన్ లేపితే సరిపోతది," అన్నాను. రజిత నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, మోగుతుంటే నా వైపు తిరిగి, "లేపకుంటే?" అని తనే అడిగింది. నేను అప్పటికే స్కూటీ తాళాలు తీసుకుని చెప్పులు వేసుకుంటున్నాను. చేనులో ఆ పిల్ల తల్లి నన్ను ఊరికే నమ్మదు. దవాఖానకు తోల్కపోతవు సరే, అప్పటికీ నయం గాకుంటే ఏంది అని అడుగుతుంది. అడగాలి కూడా. ఏం చెప్పాలో నాకు తెలుసు, ఆ మాట నా ముందే ఒకసారి మేడం మా యాడికి ఇచ్చారు.